తని మొదలయ్యే వేళకు పిల్లల్ని తీసుకెళ్లండి

మా పాపకు ఐదేళ్లప్పుడు మొదటిసారి కచేరీకి తీసుకెళ్లాను. నెల్లూరులో ఒక హాలు. పేరున్న గాయకుడు, పక్కన వయొలిన్, మృదంగం, ఘటం. దగ్గరగా కనబడుతుందని మూడో వరుసలో కూర్చున్నాం. మా పక్కనే మనిషెత్తు స్పీకరు ఉంది. వర్ణం అయింది, ఒక కీర్తన అయింది, రెండో కీర్తనకు రాగం ఎత్తుకున్నారు. పాప చెవులు మూసుకుంది. కుర్చీలోంచి కిందికి జారింది, మళ్లీ ఎక్కింది. "అమ్మా, ఇంకెంతసేపు?" అని నాలుగుసార్లు అడిగింది. ఐదోసారి కాస్త గట్టిగా అడిగేసరికి, చొక్కాకి బ్యాడ్జి పెట్టుకున్న ఒక పెద్దాయన వంగి, "పిల్లని బయటికి తీసుకెళ్లమ్మా, నలుగురూ వింటున్నారు" అన్నారు.

వచ్చేశాం. మెట్ల మీద కూర్చుని దాని ఏడుపు మానిపిస్తున్నాను. మళ్లీ లోపలికి వెళ్లే ధైర్యం లేదు, ఇంటికి వెళ్లాలనీ లేదు. అలా చాలాసేపు కూర్చున్నాం. ఇంతలో లోపల తని ఆవర్తనం, అంటే పాట ఆపి లయవాద్యాలు మాత్రమే వాయించే ఘట్టం, మొదలైంది. పాప తల ఎత్తింది. గోడ అవతల మృదంగం మోగుతుంటే ఇవతల అరచేత్తో మెట్టు మీద దరువు వేయడం మొదలుపెట్టింది. సరిగ్గా అప్పుడే తలుపు తెరుచుకుని పెద్దవాళ్లు ఒక్కొక్కరే కాఫీకి బయటికి వస్తున్నారు.

పెద్దవాళ్లు లేచి వచ్చేసిన చోటే పిల్ల చెవి తెరుచుకుంది. ఎందుకలా అని ఆలోచిస్తూ పోతే, పిల్లల్ని కళలకు దగ్గర చేయడం గురించి మనం అనుకునేవి చాలావరకు తలకిందులుగా ఉన్నాయనిపించింది. ఆ చిక్కుముళ్లు ఒక్కొక్కటే విప్పాలని ఈ వ్యాసం.

మొదట కచేరీ వరుస చూద్దాం. వర్ణంతో గొంతు, చేతులు కుదురుకుంటాయి. ఆపైన చిన్న కీర్తనలు ఒకటో రెండో. తర్వాత ఆ రోజుకు ప్రధానమైన రాగం: ఆలాపన (మాటల్లేకుండా రాగాన్ని పాడటం), కీర్తన, నెరవు (కీర్తనలో ఒక్క పంక్తినే రకరకాలుగా పాడటం), స్వరకల్పన (అప్పటికప్పుడు స్వరాలు అల్లడం). అదయ్యాక గాయకుడు ఆగి, లయవాద్యాల వాళ్లకు వేదిక వదిలేస్తాడు. అదే తని. చివర్లో తుక్కడాలు, అంటే జావళి, తిల్లానా, భజన లాంటి చిన్న పాటలు, ఆ తర్వాత మంగళం. రెండున్నర గంటల కచేరీలో తని వచ్చేసరికి గంటన్నర దాటిపోతుంది. ఇది అనుభవమున్న పెద్దల చెవికి కట్టిన వరుస. రాగాలాపన రుచి తెలియాలంటే ఆ రాగం ఇంతకుముందు ఎక్కడెక్కడో విన్న జ్ఞాపకం ఉండాలి. పిల్లలకు ఆ జ్ఞాపకం ఇంకా చేరలేదు. లయకు అలాంటి జ్ఞాపకం అక్కర్లేదు. మరి పిల్లలకు వెంటనే అందే తని, తుక్కడాలు ఆఖర్న ఉన్నాయి. అవి వచ్చే వేళకు పిల్లలు ఒడిలో నిద్రపోతుంటారు, లేదా మాలాగా మెట్ల మీద ఉంటారు.

తనిలో జరిగేదేమిటో ఒకసారి పిల్లలకు చెప్పి చూడండి. మృదంగం, ఘటం మార్చి మార్చి వాయిస్తాయి. మొదట ఒక్కొక్కరు చాలాసేపు వాయిస్తారు. తర్వాత అందులో సగం, ఆ సగంలో సగం. ఇద్దరు మనుషులు మాటకు మాట చెప్పుకున్నట్టు ఉంటుంది. మాటలు చిన్నవై, ఇంకా చిన్నవై, చివరికి ఇద్దరూ కలిసిపోతారు. ఇలా తగ్గించుకుంటూ రావడాన్ని కురైప్పు అంటారు. తమిళ మాట, తగ్గించడం అనే అర్థం. ముగింపులో ఒకే ముక్తాయింపు మూడుసార్లు వస్తుంది. మూడోసారి ఎక్కడ ఆగుతుందో కనిపెట్టమని పిల్లలకు చెబితే చాలు, కళ్లు ఆర్పకుండా చూస్తారు.

తాళం వేయడం ఇంట్లోనే నేర్పవచ్చు, మనకు సంగీతం రాకపోయినా. ఆది తాళానికి తొడ మీద ఒక దెబ్బ, తర్వాత చిటికెనవేలు, ఉంగరపువేలు, మధ్యవేలు; మళ్లీ దెబ్బ, అరచేయి తిప్పడం; ఇంకోసారి దెబ్బ, తిప్పడం. మొత్తం ఎనిమిది. ఇది వచ్చిన పిల్లకు కచేరీలో పని దొరికినట్టే. ఖాళీగా కూర్చోమంటే అయిదు నిమిషాలు కూర్చోలేని పిల్ల తాళం వేస్తూ ఇరవై నిమిషాలు కూర్చోవడం నేను చూశాను. కూర్చోలేకపోవడం పిల్లల లోపమని మనం అనుకుంటాం. చేయడానికి ఏమీ ఇవ్వకుండా కూర్చోబెట్టడం మన లోపం.

ఇంకో చిక్కుముడి ఉంది. మన ఊళ్లలో 'పిల్లల కార్యక్రమం' అంటే పిల్లలు వేదికెక్కే కార్యక్రమమే. స్కూలు వార్షికోత్సవంలో సినిమా పాటకు డాన్సు, డాన్సు క్లాసు వాళ్ల ప్రదర్శన, కింద ఫోన్లు పట్టుకున్న తల్లిదండ్రులు. అది తప్పని అనను, ఆ సంబరం ఆ పిల్లలకు కావాలి కూడా. కానీ పిల్లలు కింద కూర్చుని, ఒక గొప్ప కళాకారుడు వాళ్ల కోసమే వాయించే సందర్భం ఎక్కడుంది? సరళీస్వరాలు నేర్పించడానికి నెలనెలా ఫీజు కడతాం, సర్టిఫికెట్ పరీక్షలకు టెన్షన్ పడతాం, ఏడాదికి ఒక్క కచేరీకి తీసుకెళ్లం. సముద్రం చూపించకుండా ఈత నేర్పినట్టుంది.

పోనీ ఇది మనకు కొత్తా అంటే, కాదు. పిల్లల్ని వెంటబెట్టుకుని ఇంటిల్లిపాదీ వినే కళలు మనకు ఎన్ని ఉన్నాయో. హరికథనే తీసుకోండి. హరిదాసు కాళ్లకు గజ్జెలు, చేతిలో చిడతలు, మెడలో పూలదండ. పాట, పద్యం, వచనం, అడుగు, అభినయం అన్నీ ఒక్క మనిషే. కథ బరువెక్కి పిల్లలు కునికే వేళ పిట్టకథ వస్తుంది. ఆ పిట్టకథను ఇప్పటి మాటల్లో చెప్పాలంటే, వినేవాళ్ల ఓపిక ఎంతసేపుంటుందో కనిపెట్టి చేసిన ఏర్పాటు. బుర్రకథ ఇంకా తెలివైనది. కథకుడు తంబుర మీటుతూ నడుమ నిలబడతాడు. ఒక పక్క హాస్యం చెప్పే వంత, ఇంకో పక్క రాజకీయ వంత. కథలో ఏదైనా అర్థం కాకపోతే మనం అడగాల్సిన ప్రశ్న వంతే అడిగేస్తాడు. తిరునాళ్లలో చాప పరుచుకుని కూర్చున్న పిల్లలు నిద్రొస్తే పడుకునేవాళ్లు, 'తందాన తాన' గట్టిగా వినబడితే లేచేవాళ్లు, నడుమ మరమరాలు కొనుక్కుని వచ్చేవాళ్లు. బయటికి వెళ్లమని ఎవరూ అనేవాళ్లు కాదు.

ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం తండ్రి సాంబమూర్తి హరికథా కళాకారుడు. నెల్లూరు వాళ్లకు ఆ ఇంటి సంగతి చెప్పక్కర్లేదు. బాలు చిన్నప్పుడు తండ్రిని వింటూ స్వరజ్ఞానం సంపాదించారు, హార్మోనియం, వేణువు పట్టుకున్నారు. శాస్త్రీయ సంగీతం పద్ధతిగా నేర్చుకోకుండానే అంతటి గాయకుడయ్యారని అందరూ ఆశ్చర్యపోతారు. ఆ ఇంట్లో రోజూ మోగిన హరికథ తక్కువ బడేమీ కాదని నాకనిపిస్తుంది.

ఒంగోలు పక్కనే కరవది. 1924లో షేక్ చినమౌలానా పుట్టిన ఊరు. నాదస్వర విద్వాంసుల కుటుంబం, తండ్రి దగ్గరే తొలి పాఠాలు. తర్వాత తంజావూరు బాణీ నేర్చుకుని, శ్రీరంగంలో స్థిరపడి, రంగనాథుడి సన్నిధిలో వాయించారు. ఆయన శిష్యులు షేక్ మహబూబ్ సుభానీ, కాలీషాబీ దంపతులకు 2020లో పద్మశ్రీ వచ్చింది. కొంచెం పడమరకు వెళితే కంభం ప్రాంతంలో కాకర్ల. త్యాగరాజస్వామి ఇంటిపేరు ఆ ఊరిదే, ఆయన పూర్వీకులు అక్కడినుంచే తమిళదేశం వెళ్లారంటారు. శ్యామశాస్త్రి పూర్వీకులదీ కంభం ప్రాంతమే. కర్ణాటక సంగీత త్రిమూర్తులనే ముగ్గురు వాగ్గేయకారుల్లో ఇద్దరి మూలాలు మన మెట్ట నేలలో ఉన్నాయని ఒంగోలు పిల్లల్లో ఎందరికి తెలుసు? క్విజ్ కోసం బట్టీ పట్టించడం కాదు నేననేది. ఆ ఊరి పేరు చెప్పి, ఆ పూటే త్యాగరాజస్వామి కీర్తన ఒకటి మనిషి గొంతులో వినిపిస్తే పిల్లలకు అది సొంతమవుతుంది.

బయటి దేశాల్లో దీన్ని పద్ధతిగా కట్టుకున్నారు. న్యూయార్క్ ఫిల్‌హార్మోనిక్ వాద్యబృందంతో లెనార్డ్ బెర్న్‌స్టయిన్ 1958 నుంచి 1972 దాకా పిల్లల కోసం 53 కచేరీలు నడిపారు, టీవీలో ప్రసారం కూడా అయ్యాయి. ఆయన పిల్లలకని సంగీతాన్ని పలుచన చేయలేదు. మొదటి కచేరీలోనే 'సంగీతానికి అర్థం ఏమిటి' అన్న ప్రశ్న వేశారు. పెద్దలకే జవాబు దొరకని ప్రశ్న. ఒక్కో కచేరీకి ఒక్క ప్రశ్న, దాని చుట్టూ వాయింపు. అంతకుముందు 1936లో మాస్కో పిల్లల నాటకశాల కోసం ప్రొకోఫియెవ్ ఒక కథను సంగీతంగా రాశారు. పిట్ట వస్తే ఫ్లూటు, పిల్లి వస్తే క్లారినెట్, తోడేలు వస్తే కొమ్ముబూరలు. అరగంటలోపు అయిపోతుంది. వాద్యాల పేర్లు పాఠంలా చెప్పకుండానే పిల్లలకు వచ్చేస్తాయి. మన దేశంలో కిరణ్ సేఠ్ 1977లో ఢిల్లీ ఐఐటీలో మొదలుపెట్టిన స్పిక్ మెకే సంస్థ విద్వాంసులను నేరుగా బడులకు, కాలేజీలకు తీసుకొచ్చింది. కళాకారుడు వాయిస్తాడు, ఆగి చెబుతాడు, పిల్లలు అడుగుతారు.

వీటన్నిటినీ దగ్గర పెట్టుకుని చూస్తే కుటుంబ కచేరీ అంటే ఏమిటో తేలుతుంది. ముప్పావుగంటకు మించదు. సాయంత్రం చీకటి పడకముందే, పిల్లలు తిని, కాసేపు పడుకుని లేచాక మొదలవుతుంది. హాల్లో లైట్లు ఆర్పరు. కుర్చీలకు ముందు చాపలు పరుస్తారు. పిల్లలు కళాకారుడి చేతులు చూసేంత దగ్గరగా కూర్చుంటారు. తలుపు తెరిచే ఉంటుంది, బయటికి వెళ్లి మళ్లీ రావచ్చు. కళాకారుడు మధ్యమధ్య మాట్లాడతాడు. అయిపోయాక వాద్యాన్ని పిల్లలు ముట్టుకుంటారు.

ఈ ఆఖరిది చిన్న విషయం అనుకోవద్దు. మృదంగం పనసకర్రతో చేస్తారు. కుడివైపు నల్లటి గుండ్రటి మచ్చ ఉంటుంది, రాతిపొడిని అన్నంతో కలిపి నూరి పొరలు పొరలుగా అద్దింది. ఎడమవైపు మాత్రం కచేరీకి ముందు తడిపిన రవ్వముద్ద పెడతారు, అయ్యాక గీకి తీసేస్తారు. అమ్మ ఉప్మా చేసే రవ్వే అక్కడ గుంభనంగా 'ధోం' అంటోందని తెలిసినప్పుడు పిల్లల మొహాలు చూడాలి. కొంచెం రవ్వ తీసేసి వాయించి, మళ్లీ పెట్టి వాయించి చూపిస్తే శబ్దానికీ బరువుకూ సంబంధం ఏమిటో ఏ సైన్సు పుస్తకమూ చెప్పనంత బాగా తెలుస్తుంది. నాకు తెలిసిన మృదంగం మాస్టారు ఒకాయన పిల్లల చేతే రవ్వ కలిపిస్తారు.

ఇక ప్రయోజనాల మాట. సంగీతం వింటే పిల్లలకు తెలివి పెరుగుతుందని, లెక్కలు బాగా వస్తాయని వాట్సాప్‌లో తిరుగుతూ ఉంటుంది. దాని మూలం 1993లో అమెరికాలో చేసిన చిన్న ప్రయోగం. 36 మంది కాలేజీ విద్యార్థులకు మొజార్ట్ సంగీతం పది నిమిషాలు వినిపించి ఆకారాలకు సంబంధించిన పరీక్ష పెడితే మార్కులు కొద్దిగా పెరిగాయి. ఆ ప్రభావం పావుగంటకు మించి నిలవలేదు. చిన్నపిల్లల మీద అసలు చేయలేదు. అయినా 1998లో జార్జియా రాష్ట్ర గవర్నరు పుట్టిన ప్రతి బిడ్డకూ సంగీతం సీడీ ఇద్దామని ప్రతిపాదించే దాకా వెళ్లింది. ఈ ఆశ పెట్టుకుని పిల్లల్ని కచేరీకి తీసుకెళ్లొద్దు. ర్యాంకు రాకపోతే ఆ కోపం సంగీతం మీదికి పోతుంది.

నమ్మదగిన సంగతులు వేరే ఉన్నాయి. కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయంలో 6 నుంచి 14 నెలల పసిపిల్లలకు ఒకే సంగీత ప్రదర్శనను కొందరికి ఎదురుగా, కొందరికి వీడియోలో చూపించారు. ఎదురుగా చూసిన పసివాళ్లు ఎక్కువసేపు కళ్లప్పగించి చూశారు, వాళ్ల గుండె వేగాలు ఒకరితో ఒకరివి కలిసి నడిచాయి. అర్కాన్సా విశ్వవిద్యాలయం వాళ్లు హైస్కూలు పిల్లల్ని లాటరీ వేసి విడదీసి, కొందరిని నాటకానికి తీసుకెళ్లారు. అదే కథను చదివిన, సినిమాగా చూసిన పిల్లలకంటే నాటకం చూసినవాళ్లకు కథ, కొత్త మాటలు బాగా పట్టుబడ్డాయి. తేడా అంతా ఎదురుగా మనిషి ఉండటంలో ఉంది. ఇంట్లో యూట్యూబ్ ఉండగా హాలుకు ఎందుకు అనేవాళ్లకు ఇదే నా జవాబు.

చెవుల గురించి కొంచెం గట్టిగానే చెప్పాలి, మా పాప ఆ రోజు చెవులు ఊరికే మూసుకోలేదు కాబట్టి. ప్రపంచ ఆరోగ్య సంస్థ పిల్లలకు సూచించే హద్దు 75 డెసిబెల్స్ చొప్పున వారానికి 40 గంటలు. ప్రతి 3 డెసిబెల్స్ పెరుగుదలకు ఆ సమయం సగమవుతుంది. ఆ లెక్కన 90 డెసిబెల్స్ దగ్గర వారం మొత్తానికి గంటంబావే. మూసిన హాల్లో పెద్ద స్పీకరు పక్కన ఆ హద్దు ఒక్క సాయంత్రంలో దాటిపోవచ్చు. మీటరు అక్కర్లేదు, చేయి చాపినంత దూరంలో ఉన్న మనిషితో అరిచి మాట్లాడాల్సి వస్తుంటే అది పిల్లలకు చోటు కాదు. నాదస్వరం, డోలు ఆరుబయలు వాద్యాలు, ఊరేగింపు ముందు నడిచేవి. వాటికి హాల్లో మైకు పెట్టడం నాకెప్పుడూ అర్థం కాలేదు. గుడి ఆవరణలో, పదడుగులు వెనక్కి నిలబడి వింటే వాటి అందమే వేరు. యాభై మంది కూర్చునే చిన్న గదిలో వీణకు, వయొలిన్‌కు కూడా మైకు లేకుండా చేయవచ్చు. అప్పుడు పిల్లలు వాళ్లంతట వాళ్లే నిశ్శబ్దంగా ఉంటారు, లేకపోతే వినబడదు కాబట్టి.

ఏ వయసుకు ఏది? మూడేళ్లలోపు పిల్లలకు పావుగంట చాలు, కోలాటమో భజనో, గుండ్రంగా తిరిగేది ఏదైనా. నాలుగు నుంచి ఏడు దాకా లయ, కథ. కూచిపూడి తరంగంలో ఇత్తడి పళ్లెం అంచుల మీద నిలబడి ఆడటం చూస్తే ఆ వయసువాళ్లు నోరు తెరుచుకుని ఉండిపోతారు. ఎనిమిది దాటాక హరికథ, పద్యనాటకంలో ఒక సీను. పద్యం అర్థం ముందు రోజు రాత్రి పడుకునేటప్పుడు కథగా చెప్పి ఉంచితే రాగం తీసినప్పుడు విసుగు రాదు. అమ్మమ్మలు, తాతయ్యలు ఉన్న ఇంట్లో ఈ పని వాళ్లకు వదిలేయండి. మనకంటే బాగా చెబుతారు.

ఖర్చు సంగతి కూడా. పెద్ద విద్వాంసుణ్ని మద్రాసు నుంచి పిలిపించనక్కర్లేదు. సంగీత పాఠశాలల్లో నేర్పే మాస్టార్లు, గుడుల్లో వాయించే సన్నాయి వాళ్లు, పండక్కి మాత్రమే పిలుపు వచ్చే హరిదాసులు మన మధ్యే ఉన్నారు. ఒక అపార్టుమెంటు వాళ్లు సెల్లారులో చాపలు పరిచి, ఇంటికి ఇంతని వేసుకుంటే ముప్పావుగంట కార్యక్రమం అవుతుంది. కళాకారుడికి మాత్రం ముందే మాట్లాడుకున్న మొత్తం కవర్లో పెట్టి, పిల్లల చేత ఇప్పించండి. శాలువా కప్పి ఫొటో తీసి పంపేయడం ఆయన కళకూ అన్యాయం, చూస్తున్న పిల్లలకూ తప్పుడు పాఠం.

ఇవేవీ కుదరకపోతే ఉన్న కచేరీకే వెళ్లండి, కానీ ఆలస్యంగా. నిర్వాహకులను అడిగితే ప్రధాన కీర్తన ఎప్పుడవుతుందో సుమారుగా చెబుతారు. ఆ వేళకు చేరుకుని, వెనక వరుసలో తలుపు పక్కన, స్పీకరుకు దూరంగా కూర్చోండి. తని వినిపించండి, రెండు తుక్కడాలు వినిపించండి, మంగళానికి లేచి నిలబడండి. మొదట్లో ఆలస్యంగా వెళ్లడం అమర్యాదేమోనని నేనూ ఇబ్బంది పడ్డాను. సగంలో ఏడుస్తూ లేచి రావడం కంటే ఇదే మర్యాద.

మా పాపకు ఇప్పుడు ఎనిమిదేళ్లు. పోయిన ఏడాది ఒంగోలు దగ్గర ఒక ఊళ్లో బంధువుల పెళ్లికి వెళ్లాం. ముహూర్తానికి ఇంకా సమయం ఉంది. సన్నాయి ఆయన పందిరి వెనక కూర్చుని టీ తాగుతున్నారు. వాద్యానికి దారాలతో నాలుగైదు చిన్న పీకలు వేలాడుతున్నాయి. "తాతా, అవెందుకు?" అని అడిగింది. ఆయన టీ గ్లాసు కింద పెట్టి, ఒక పీక తీసి నోట్లో తడిపి, వాద్యం లేకుండా ఉత్త పీకనే ఊదారు. బాతు అరిచినట్టు వచ్చింది. పాప పకపకా నవ్వింది. అదే పీకను వాద్యానికి తొడిగి, హంసధ్వని రాగం ఒక్క వరుస వాయించారు. పాప నవ్వు ఆపి ఆయన వేళ్ల వంకే చూస్తూ నిలబడిపోయింది. పెళ్లయి ఇంటికొచ్చాక కొబ్బరాకు చుట్టి బూర చేసుకుంది. మొదట మోగలేదు. తడిపి ఊదితే మోగుతుందని దానికి ఇప్పుడు తెలుసు. పంపు కింద పెట్టి తెచ్చి, చీకటి పడేదాకా ఊదుతూనే ఉంది.